సుంకులమ్మ దున్నపోతు, సంఘపెద్ద బర్రె

ఆ ఆదివారం నేను గేటు తీయలేదు. ఇది దేవుని ముందు కూడా చెప్పగలను. మూయలేదు కూడా. అది మాత్రం ఎవరి ముందూ చెప్పలేక నెల రోజులు నలిగిపోయాను.

మాది పత్తికొండ దగ్గర ఒక పల్లె. మా ఆయన లేవి చర్చిలో సంఘపెద్ద. ఆరాధనకు గంట కొట్టేదీ, ఆలస్యంగా వచ్చినవాళ్ళను కంటిచూపుతోనే కూర్చోబెట్టేదీ ఆయనే. మాకున్నది ఒకే బర్రె. రెండేళ్ళుగా వట్టిపోయి ఉంది. అది ఎదకు వచ్చినా గట్టిగా చెప్పుకునే రకం కాదు. మా ఆయన గమనించి, తీరిగ్గా ప్రార్థన చేసుకుని, మరునాడు ఆస్పత్రికి తోలుకుపోయి చూలు సూది వేయించేసరికి వేళ దాటిపోయేది. అలా మూడుసార్లయింది. చివరికి ఆయన సంఘం ముందు నిలబడి, వచ్చే యేడు కోత పండుగకు మా బర్రె మొదటి పాలు దేవునికి తెస్తానని మాట ఇచ్చేశాడు. పుట్టేది మేలురకం ముర్రా జాతి దూడేనని తానే కలిపాడు.

ఆ ఆదివారం నాకు జ్వరం. ఇంట్లో ఉన్నాను. చర్చిలో పాట మొదలయ్యేసరికి ఇక్కడ బర్రె ఎన్నడూ లేనంతగా అరుపు మొదలుపెట్టింది. వచ్చి చూస్తే గేటు ఓరగా తెరిచి ఉంది. బయట సుంకులమ్మ దున్నపోతు నిలబడి ఉంది. అది ఊరి దేవతకు వదిలిన దున్న. ఎవరి చేలో మేసినా కొట్టకూడదు. కొట్టిన మనిషి ఊర్లో ఒక్కడే, మా ఆయన. నేను దున్నను చూశాను, బర్రెను చూశాను. తర్వాత ఇంట్లోకి పోయి తలుపేసుకుని పాటలు పాడుకున్నాను.

పక్కింటి హనుమంతమ్మ గోడ మీదుగా అంతా చూసింది.

"ఏం వదినా, మా అమ్మవారి దున్న మీ ఇంటికి చుట్టమొచ్చినట్లుండాదే!"

"నీకు దండం పెడతా వదినా, నోరు మూసుకో."

"మూసుకుంటాలే. జున్ను మాత్రం మర్చిపోవాకు."

మళ్ళీ ఎదకు రావాల్సిన ఇరవై ఒకటో రోజు దాటింది. బర్రె మళ్ళీ అరవలేదు. చూలు నిలిచిందని నాకు అర్థమైంది. మా ఆయనకు అర్థమైంది వేరే: ఇది గొడ్డుపోయింది అని. ముప్పయ్యో రోజు పొద్దున్నే పశువుల డాక్టరమ్మ శివలీలను బండి మీద తీసుకొచ్చాడు. బండి దిగుతూనే వాచిన మోకాలికి నొప్పి బిళ్ళ మింగాడు.

ఆమె మోచేతి దాకా తొడుగు వేసుకుని, చెయ్యి పెట్టి చూసింది. "అండాశయం మీద ముద్ద ఉండాది పెద్దాయనా. ప్రోస్టాగ్లాండిన్ అని మందుండాది, అది ఏస్తే ముద్ద కరుగుతాది. మూడు నాలుగు రోజుల్లో ఎదకొస్తాది. ఈ మధ్య దున్నకేమన్నా పోయిందా?"

"నా గడప తొక్కే దున్న ఈ ఊర్లో పుట్టలేదమ్మా!" అన్నాడు మా ఆయన.

నేను బర్రె పక్కకు జరిగాను. "డాక్టరమ్మా, మాటకు అడుగుతాండా. పోయి ఉంటే?"

"పోయి నిలిచి ఉంటే ఆ ముద్దే దూడను కాపాడతాండాదని అర్థం. మందు దాన్ని కరిగిస్తే కడుపు పోతాది. నెల రోజులకు చేత్తో తడిమితే నాకు కూడా సరిగ్గా తెలీదు. అందుకే అడిగేది."

"ఆ మందు దేంతో చేస్తారు?" సూది పడేదాన్ని కాస్త ఆలస్యం చేద్దామని అడిగాను.

"అది మన ఒంట్లోనే తయారయ్యేదమ్మా. చూలు లేకపోతే గర్భసంచే దాన్ని పంపి, ముద్దను కరగమంటాది. పెద్దాయన మోకాలు వాచేది కూడా ఆ జాతి పదార్థంతోనే. ఆయన మింగే నొప్పి బిళ్ళ దాన్ని తయారు కానియ్యదు. కడుపు లోపలి పొరకు పూత వేసి కాపాడేది కూడా అదే. అందుకే ఉత్త కడుపుతో బిళ్ళ మింగితే మంట."

దేవుడు ఒక్క పదార్థానికి ఇన్ని పనులు ఎందుకు పెట్టాడో అనుకున్నాను. వాచేటట్టు చేసేదీ అదే, కాపాడేదీ అదే. మా ఆయన కూడా అంతే కదా: చర్చిలో పెద్ద, చేలో కూలి, ఇంట్లో పసిపిల్లవాడు.

"ఏమే, ఆమెను పని చేయనియ్యి," అన్నాడు ఆ పెద్ద.

డాక్టరమ్మ మందు సూదిలోకి ఎక్కించింది. "ఎడంగా నిలబడండి. కడుపుతో ఉండే ఆడోళ్ళకు ఇది తగలకూడదు."

ఇంక నేను ఉండలేకపోయాను. "ఈ కొట్టంలో ఒకరుండారు డాక్టరమ్మా, కడుపుతో."

మా ఆయన నా వైపు చూశాడు. నాకు యాభై నాలుగు. "ఈ వయసులోనా?" అన్నాడు చిన్నగా.

"నేను గాదప్పా! బర్రె!"

డాక్టరమ్మ అటు తిరిగింది. భుజాలు కదులుతున్నాయి.

"యెవురిది?" అన్నాడు.

"సుంకులమ్మది."

ఆయన గేటు వైపు తిరిగాడు.

"గేటు యెవురు తీసినారు?"

"నేను తీయలేదు."

"మూసినావా?"

నేను బర్రె ముందు గడ్డి సర్దాను. ఆయన సూది వైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. ముప్పయ్యేళ్ళ కాపురం. "డాక్టరమ్మా, ఇప్పుడేస్తే యెవురికీ తెలీదు గదా. మళ్ళీ ముర్రా సూది ఏపించుకోవచ్చు."

"బర్రెకు తెలుస్తాది," అందామె.

"మొదటి పాలు ఇస్తానని మాటిచ్చినావు," అన్నాను. "దూడకు నాయన యెవురని దేవుడు అడిగినాడా? ముర్రా అనింది నువ్వే."

ఆయన మంచం మీద కూలబడి మోకాలు రుద్దుకున్నాడు. "మందు లోపల పెట్టమ్మా," అన్నాడు. "యేమే, ఆమెకు టీ అన్నా ఇయ్యి."

తొమ్మిది నెలలకు పెయ్యదూడ పుట్టింది. నుదుట తెల్లమచ్చ, అచ్చం ఆ దున్నకున్నట్టే. కోత పండుగకు పాలు తీసుకుపోతే ఎవరో అడిగారు: "ముర్రానా లేవన్నా?" ఆయన ఆకాశం వైపు చూసి, "దేవుడిచ్చింది," అన్నాడు. జున్ను ఒక గిన్నె గోడ మీద పెట్టి పక్కకు తిరిగి నిలబడ్డాడు. హనుమంతమ్మ సగం తన ఇంటికీ, సగం సుంకులమ్మకూ తీసుకుపోయింది. ఆయన చూడలేదు. చూడలేదని నాకు రెండుసార్లు చెప్పాడు కూడా.

దూడకు నాలుగో నెల నడుస్తుండగా ఒక ఆదివారం బర్రె మళ్ళీ అరిచింది. ఆయన గంట కొట్టడానికి బయలుదేరి, గేటు దగ్గర ఆగి, వీధి చివరి వరకూ చూశాడు.

"గేటేసి పో," అన్నాను.

"గాలికి అదే మూసుకుంటాదిలే," అని చర్చి వైపు నడిచాడు.

ఆ పొద్దు ఆకు కూడా కదలడం లేదు.