మూల మీద ఉచిత అంబలి

చర్చిలో ఆమెన్ అనేది ఆలోచించి అనే మాట కాదు. అయ్యగారు ఆగినప్పుడల్లా అనాలి, అంతే. పెళ్లై వచ్చినప్పటి నుంచీ బాలమణికి అదే అలవాటు. ఆ అలవాటే ఒక ఆదివారం పొద్దున ఆమె కొంప ముంచింది.

ప్రసంగం ముగించిన పాస్టరు ప్రభాకర్ అయ్యగారు చేతిరుమాలుతో మెడ తుడుచుకుని, "ప్రియ సంఘమా! ఈ ఎండాకాలం మన యూత్ సిద్దిపేట పట్టణానికి సేవ చేయబోతోంది. పాత బస్టాండు మూల మీద చలివేంద్రం పెడుతున్నాం. దాహంతో వచ్చినవారికి చల్లని నీళ్లు, ఉచితంగా అంబలి. ఆమెన్?" అన్నారు.

"ఆమెన్" అంది సంఘం. బాలమణీ అంది.

"అంబలి కాచే సేవకు దేవుడు మన మధ్యనే ఒక సహోదరిని సిద్ధపరిచాడు. సిద్దిపేటలో అంబలి అంటే మన బాలమణమ్మే కదా! ఆమెన్?"

అందరూ వెనక్కి తిరిగి ఆమెను చూసి, నవ్వు మొహాలతో ఆమెన్ అన్నారు. బాలమణి నోరు కూడా దానంతటది అనేసింది. అన్నాక గానీ ఏమన్నదీ ఆమె బుర్రకెక్కలేదు.

పాత బస్టాండు మూల ఎవరిది? ఆమెదే. ఎండాకాలమంతా అక్కడ తోపుడు బండి మీద అంబలి అమ్మేది ఆమే. అంతకుముందు ఫంక్షన్ హాల్లో బోళ్లు తోమేది. పెళ్లిళ్ల సీజన్లో గుట్టలు గుట్టలుగా ఎంగిలి బోళ్లు, సబ్బునీళ్లకు పగిలిన వేళ్లు, పైగా పెత్తనం చేసే ప్రతి వెధవా "ఏ ముసల్దానా" అని పిలవడం. అప్పటికి ఆమెకు నలభై కూడా లేవు. బండి వచ్చాక ఆ గేటు మళ్లీ తొక్కలేదు. పెనిమిటి ఐలయ్య రైసుమిల్లులో బస్తాలు మోసి మోసి నడుం పోగొట్టుకున్నాడు. ఎండాకాలం అమ్మినదే వానాకాలం తినాలి. ఈ ఎండాకాలం గిరాకి పోయిందంటే మళ్లీ ఆ ఎంగిలి బోళ్ల ముందు కూర్చోవడమే.

ఇంటికొచ్చి చెబితే ఐలయ్య మంచం మీద నుంచి లేవకుండానే అడిగాడు.

"మరి నువ్వేమన్నవు?"

"ఆమెనన్న."

"ఇగ కాచు."

ఇంతకన్నా ఓదార్పు ఆ మనిషి దగ్గర ఏనాడూ లేదు.

సోమవారం తెల్లారక ముందే చర్చి వెనక రేకుల షెడ్డులో పొయ్యి రాజేసింది. అంబలి కాచే గంజు కూడా తనదే, ఇంట్లో ఉన్న గిన్నెల్లో పెద్దది. చర్చి గంజుకు అడుగున చిల్లట. యూత్ లీడరు సుచిత్ర ప్రైవేటు బళ్లో టీచరు. పసుపు పచ్చ టీషర్టు వేసుకుని, నిద్ర కళ్లతోనే పరుగెత్తుకొచ్చి కట్టెలందించింది. మంచి పిల్ల. వచ్చిన చిక్కే అది. చెడ్డదైతే నాలుగు తిట్టి పారేయొచ్చు, మంచిదాన్ని ఏం చేస్తాం!

ఎండ ఎక్కకముందే మూల మీద టెంటు లేచింది. టెంటుకు జాగా చాలలేదు.

"అక్కా, నీ బండి జర మోరి దిక్కు జరుపరాదు" అంది సుచిత్ర.

జరిపింది. తన బండిని తనే, పసుపు పచ్చ టీషర్టుల పిల్లలతో కలిసి, మురికి కాలువ పక్కకు తోసుకుంది. తన వేలితో తన కన్నే పొడుచుకోవడమంటే ఇదే కదా అనుకుంది. పైకి మాత్రం "సాలునా?" అని అడిగింది.

మిరుదొడ్డి బస్సు దిగినవాళ్లు, దౌల్తాబాద్ బస్సు కోసం నిలబడ్డవాళ్లు అందరూ టెంటు కిందికే పోయారు. ఎవరు మాత్రం పోరు? ఉచితంగా ఇస్తే ఉప్పునీళ్లైనా తియ్యగానే ఉంటాయి. రోజూ ఆమె దగ్గర తాగే ఆటో కర్ణాకర్ కూడా అక్కడ రెండు గిలాసలు లాగించి, మూతి తుడుచుకుంటూ ఆమె బండి దగ్గరికి వచ్చాడు.

"అక్కా, గాడ గూడ నువ్వే కాసినవట గద. గదే రుచి. గాళ్ల దగ్గర ఉల్లిగడ్డ లేదు, నువ్వు జరంత ఇయ్యరాదు."

బాలమణి వాడిని కొరకొరా చూసింది. ఉల్లిగడ్డ ముక్కలు వాడి చేతిలో పెట్టింది. పెట్టాక తన మీద తనకే మండింది.

పక్కనే నింబూ సోడా బండి మజహర్‌ది. మర్యాదస్తుడు, గొంతు పెంచి మాట్లాడే మనిషి కాదు. మూడో రోజుకు అతనికీ ఓపిక అయిపోయింది.

"మీవోళ్లే గద అక్కా, జర చెప్పరాదు. నా నింబూలు ఎండిపోతున్నయి."

"చెప్త మజహర్."

"ఎప్పుడు? వానలు వడ్డంకనా?"

చెప్పాలని ఆమెకూ ఉంది. కానీ ఏమని చెబుతుంది? దాహానికి నీళ్లివ్వొద్దు అంటుందా? దేవుడి పనిని ఆపమంటుందా? కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు, అలా ఉంది ఆమె పరిస్థితి. అయినా ధైర్యం చేసి సుచిత్రతో మొదలుపెట్టింది.

"నా బండి మీద గిరాకి లేదు సుచిత్రా."

"అయ్యో, అవునా అక్కా? ఎండలు ఇంక ముదిరితే అయితది తియ్యి. ఇయ్యాల యూత్ మీటింగుల నీ బండి గురించి ప్రార్థన పెడ్త."

టీచరమ్మ. పిల్లలకు లెక్కలు చెబుతుంది. ఇంత చిన్న లెక్క తెలియలేదు.

మర్నాడు అయ్యగారే టెంటు చూడటానికి వచ్చారు. ఇక లాభం లేదని బాలమణి ఎదురెళ్లింది.

"అయ్యగారూ, నాకొక బాధున్నది."

బాధ అనే మాట చాలు. ఆయన కళ్లు మూసుకున్నారు, చెయ్యి ఆమె తల మీద పెట్టారు, ప్రార్థన మొదలైంది. ప్రార్థనకు అడ్డురావడం ఎక్కడుంది? ఆ ప్రార్థన బాలమణి దగ్గర బయలుదేరి, ఐలయ్య నడుం మీదుగా, సిద్దిపేట వీధులన్నీ తిరిగి, మర్కూక్ దాకా పోయి, చెరువులు నిండాలని అడిగి, రైతులను దీవించి, రాష్ట్రాన్ని ఏలేవాళ్లకు బుద్ధి ఇమ్మని వేడుకుని, తీరిగ్గా వెనక్కి వచ్చింది. ఈలోగా ఒక బస్సు వచ్చి, దిగినవాళ్లంతా ఫ్రీ అంబలి తాగి వెళ్లిపోయారు కూడా.

"మనసుకు సమాధానం కలిగిందా అమ్మా?" కళ్లు తెరిచి ఎంతో ప్రేమగా అడిగారు.

"కలిగింది అయ్యగారూ."

బండి వెనక్కి పోయి నెత్తి కొట్టుకుంది. మజహర్ చూశాడు. మధ్యాహ్నం బండి తోసుకుని కూరగాయల మార్కెట్ వైపు పోతూ, "నువ్వు గూడ వాళ్ల దిక్కే ఉన్నవక్కా" అన్నాడు. ఆ మాట ఆమెకు ముల్లులా దిగింది. ఇంటికి పోతే ఐలయ్య ఇంకో కబురు చెప్పాడు. ఫంక్షన్ హాల్ నుంచి మనిషి వచ్చాడట, లగ్గాలు మస్తుగా ఉన్నాయి, బోళ్లు తోమడానికి వస్తావా అని.

"ఏం చెప్పినవు?"

"అడిగి చెప్త అన్న" అన్నాడు ఐలయ్య, ఆమె మొహం చూడకుండా.

ఆ రోజు ఇంట్లో ఎవరూ సరిగా తినలేదు.

మళ్లీ ఆదివారం వచ్చింది. పాటలయ్యాక సాక్ష్యాల వేళ. దేవుడు చేసిన మేలును లేచి చెప్పుకునే సమయం అది. దాని పద్ధతి దానిది. మైకు చేతికొచ్చాక ఆ మనిషి కూర్చునేదాకా ఎవరూ అడ్డు చెప్పకూడదు, అయ్యగారైనా సరే. "అంబలి సేవ ద్వారా పొందిన ఆశీర్వాదం గురించి మన బాలమణమ్మ సాక్ష్యమిస్తుంది" అని అయ్యగారు పిలిచారు. బాలమణి లేచింది. మైకును గట్టిగా పట్టుకుంది.

"ప్రభువుకు వందనాలు. ఈ వారమంత నేను కాసిన అంబలి ఒక్క బొట్టు మిగలకుంట ఒడిసింది."

"స్తోత్రం!" అంది సంఘం.

"టెంటు కింది గంజు ఒడిసింది. నా బండి మీది గంజు ఒడువలే."

"స్తోత్రం!" అన్నాయి వెనక వరుసలో అలవాటు పడ్డ గొంతులు. ముందు వరుస ఆగిపోయింది.

"రెండు నా చేతియే. మీరు ఊకెనే వోస్తరు, నేను పైసలకు వోస్త. ఇగ నా దగ్గరికి ఎవలొస్తరు? నేను ఎండకాలం అమ్మి వానకాలం తినేదాన్ని. మజహర్‌ది గూడ గదే బతుకు, ఆయినె ఇప్పటికే బండి తోలుకొని పోయిండు. నన్ను బోళ్లు తోమ రమ్మని హాలోళ్లు పిలుస్తున్రు. మీరు మంచి పనే చేస్తున్నరు, కాదంటలేను. గని నా కడుపు మీద నిలవడి చేస్తున్నరు."

అయ్యగారికి ఏం చేయాలో తోచక, చేయి అలవాటుగా పైకి లేచింది, కళ్లు మూతపడుతున్నాయి.

"అయ్యగారూ, కండ్లు మూయకున్రి. జర నన్ను చూడున్రి."

చూశారు. ఆయన పెద్దమనిషే. మొహం చిన్నబోయినా, సంఘం ముందే "మాకు తోచలేదమ్మా, క్షమించు" అన్నారు. సుచిత్ర అయితే ఏడ్చేసింది. "నాతోనన్న గట్టిగ చెప్పకపోతివక్కా" అని చేతులు పట్టుకుంది. చెప్పాను తల్లీ, నువ్వు మీటింగులో ప్రార్థన పెట్టావు అని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

సోమవారానికి టెంటు మూల మీద నుంచి లేచిపోయింది. పెద్ద దవాఖాన గేటు దగ్గరికి మార్చారు. రోగుల వెంట వచ్చినవాళ్లు గేటు ముందు ఎండలో పడిగాపులు పడతారు, వాళ్లకు అంబలి పోస్తే పుణ్యం అన్నారు. బాలమణికి ఎంత తేలికైందంటే, ఎవరూ అడగకముందే "గాడికైతే నేనే కాస్త" అంది. ఈసారి ఆ మాట అలవాటు కొద్దీ వచ్చింది కాదు. నిండు మనసుతో అంది.

బండి మళ్లీ తన జాగాలోకి వచ్చింది. గిరాకి వెంటనే రాలేదు. "మొన్నటిదాంక ఫ్రీగనే ఉండె గదక్కా" అని కర్ణాకర్ గొణిగాడు. "మొన్ననే తాగిపోవాల్సింది, ఇయ్యాల ఎందుకొచ్చినవు?" అంది. ఈసారి ఉల్లిగడ్డ కూడా అతను గిలాస కొన్నాకే ఇచ్చింది. మజహర్ కూడా తిరిగొచ్చాడు. రాగానే నవ్వుతూ ఒక సోడా కొట్టి ఆమె చేతికిచ్చాడు. హాలు మనిషి మళ్లీ వస్తే, రాదని ఐలయ్యే చెప్పి పంపాడట. ఆ వారం బాలమణికి పోయిన ప్రాణం లేచొచ్చింది.

శనివారం మధ్యాహ్నం ఇంట్లో గంజు అవసరం పడింది. టెంటు కింద ఈపాటికి ఖాళీ అయి ఉంటుంది, తెచ్చుకుందామని దవాఖాన గేటుకు పోయింది. టెంటు బాగా నడుస్తోంది. నీడన జనం. సుచిత్ర గిలాసలు అందిస్తూ దూరం నుంచే చెయ్యి ఊపింది.

"చూసినవా అక్కా, గీడ ఎవలికి ఇబ్బంది లేదు!"

టెంటు నీడ ఆగిపోయిన చోట, ఎండలో, గోడకు ఆనుకుని ఒక తురక ముసలమ్మ కూర్చుని ఉంది. ముందు మజ్జిగ కుండ, దాని మీద తడిగుడ్డ. కుండ పక్కన బోర్లించిన గిలాసలు పొడిగా ఉన్నాయి. కొంగు నెత్తి మీదికి లాక్కుని టెంటు వైపే చూస్తోంది. ఆ చూపు బాలమణికి కొత్త కాదు. మొన్నటిదాకా మోరి పక్కన నిలబడి తనూ అలాగే చూసింది.

"గామె ఎన్నొద్దుల సంది కూసుంటుంది గీడ?" అని సుచిత్రను అడిగింది.

"ఎవలక్కా?" అంది సుచిత్ర. నిజంగానే చూడలేదు.

బాలమణి ముసలమ్మ దగ్గరికి పోయింది. ఒక గిలాస మజ్జిగ ఇమ్మంది. ముసలమ్మ గిలాసను కడిగి, నిండా పోసి ఇచ్చింది. బాలమణి తాగుతుంటే నెమ్మదిగా అడిగింది.

"ఎన్ని దినాలుంటరమ్మా మీరు?"

కోపం లేదు, దెప్పడం లేదు. వాన ఎప్పుడు వెలుస్తుందని అడిగినట్టు అడిగింది. మీరు, అంది. నేను వాళ్లతో లేనమ్మా, నాకూ బండుంది, నాదీ నీ బతుకే అని చెప్పాలనుకుంది బాలమణి. ఏ మొహంతో చెబుతుంది? గంజు తనది. పొద్దున కాచింది తను, అదీ నిండు మనసుతో. తనకైతే ఒక చర్చి ఉంది, ఆదివారం ఉంది, చేతికొచ్చే మైకు ఉంది. ఈమె ఎక్కడ లేచి నిలబడి చెప్పుకుంటుంది? దవాఖాన గోడకా? మొదటి రోజు నుంచీ తన బాధ ఎవరికీ అర్థం కావడం లేదని అందరి మీదా మండిపడ్డ మనిషి, తన మూల తనకు రాగానే టెంటు ఎక్కడికి పోయిందో ఒక్కసారైనా అడగలేదు.

"ఉండమమ్మా" అంది. "ఇప్పుడే పోతున్నం."

గిలాస పైసలు ముసలమ్మ చేతిలో పెట్టి, టెంటు కిందికి వచ్చి గంజుకు ఒక పక్క చెయ్యేసింది.

"సుచిత్రా, గటు దిక్కు వట్టు."

"అక్కా, ఇంక సగం గూడ ఒడువలే. లైన్ల జనమున్నరు."

"పట్టంటున్న గద. లైన్ల ఉన్నోళ్లను గామె దగ్గరికి తోలు. మజ్జిగ మంచిగున్నది."

సుచిత్ర అప్పుడు చూసింది ముసలమ్మను. చూసి చేతిలోని గిలాస కింద పెట్టింది. తర్వాత నీరసంగా, దాదాపు విసుగ్గా అంది.

"మరి యాడ వెట్టాలక్కా? నీళ్ల దూపున్న కాడల్లా ఎవలో ఒకలు అమ్ముతనే ఉంటరు."

"ఉంటరు మరి. బండ్లు రాని జాగలు ఎన్ని లేవు? చెరువు మట్టి తీసేటోళ్లున్నరు, ఇటుక బట్టీలున్నయి. గాడికి అమ్మేటోళ్లు ఎవలు వోరు."

"గంత దూరమా? ఈ ఎండల మోసుకొనా?"

"సేవ అంటిరి గద."

సుచిత్ర టీషర్టు చేతులు పైకి మడిచి, అవతలి పక్క పట్టుకుంది. సగం గంజే గానీ, లేపితే ఇద్దరికీ నడుములు వంగిపోయాయి.