బుచ్చవ్వ ఎంచిన స్పీకర్లు

ఎద్దునైనా నాలుగడుగులు నడిపించి చూడందే కొనని లక్ష్మణ్ రెడ్డి, స్పీకర్ల దగ్గర ఊరుకుంటాడా? మేడ్చల్‌లో ఆయన కట్టుకున్న కొత్తింటికి సికింద్రాబాద్ షాపు నుంచి నవీన్ రెండు ఖరీదైన జతలు వ్యాన్‌లో తెచ్చాడు. నవీన్ ఇచ్చిన సీడీలను లక్ష్మణ్ ముట్టుకోలేదు. పదేళ్ల కిందట తన పొలంలో నాట్లు వేస్తుంటే కొత్త స్టీరియో టేపులో రికార్డు చేసిన కూలీల పాట క్యాసెట్ తీశాడు. ఆ రోజు పాట ఎత్తుకున్న బుచ్చవ్వనే పిలిపించి సోఫాలో కూర్చోబెట్టాడు.

మొదటి జత విని బుచ్చవ్వ పెదవి విరిచింది. "గిండ్ల అందరం ఒక్కతాన కుప్పబడ్డం పటేలా."

రెండో జత మోగగానే ఆమె ముఖం విప్పారింది. "గిప్పుడు వరసల నిలబడ్డం! గా కొసకు లచ్చవ్వ, నా పక్కకు మల్లవ్వ. నీళ్లల్ల కాళ్ల సప్పుడు గూడ ఇనొస్తాంది."

నవీన్ నోరెళ్లబెట్టాడు. అంతలో బుచ్చవ్వ గబుక్కున లేచింది. "గివి వద్దు పటేలా, మొదటియే తీస్కో."

లక్ష్మణ్ అనుమానంగా టేపు వెనక్కి తిప్పి మళ్లీ పెట్టాడు. రెండు చరణాల మధ్య, ఇన్నేళ్లలో ఎన్నడూ వినబడని గుసగుస తేటగా వినబడింది. బుచ్చవ్వ గొంతే.

"పటేల్‌కు పాటలేం దెలుస్తయే మల్లవ్వా, కొత్త టేపు సూపెట్టనీకి వచ్చిండు."

బుచ్చవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. లక్ష్మణ్ పొట్ట పట్టుకుని నవ్వి నవీన్ వైపు తిరిగాడు.

"గివే ఉండనీ. సాయంత్రం మల్లవ్వను గూడ పిలుస్త, సూపెట్టాలె."