డ్రాగన్‌కు ఎదురు నిలిచిన బల్లెం సైన్యం

బొమ్మల యుద్ధం ఆటకు నియమాలు రాసే అక్క, కొత్త డ్రాగన్ బొమ్మను, ఆ ఆట అమ్మే కంపెనీ నడిపే తమ్ముడి చేతికిచ్చింది. తాను మాత్రం కంపెనీ అమ్మిన మొట్టమొదటి పెట్టెలోని బల్లెం సైనికులను బల్లమీద పేర్చింది. ఏ కొత్త బొమ్మనైనా ఆమె ఇలాగే పరీక్షిస్తుంది.

డ్రాగన్ చూస్తుండగానే సైన్యాన్నంతా ఊడ్చేసింది.

"చూశావా అక్కా, ఇలా ఉంటేనే జనం ఎగబడి కొంటారు."

"కొంటార్రా. ఇన్నాళ్లూ వాళ్లు ముచ్చటపడి రంగులేసుకున్న పాత సైన్యాలన్నీ అటకెక్కుతాయి. వాటితోపాటు మనమూనూ."

ఆమె నియమాల్లో డ్రాగన్ నిప్పు చేరే దూరాన్ని సగానికి తగ్గించి, మళ్లీ ఆడించింది. ఈసారి గెలుపు చివరిదాకా ఊగిసలాడింది. మిగిలిన ఒక్క బల్లెం సైనికుడే డ్రాగన్‌ను పడగొట్టాడు.

తమ్ముడు చొక్కా చేతులు పైకి మడిచాడు. "సగమే ఉంచు. ఇంకో ఆట వెయ్యి, నీ పని చెప్తా."

అక్క ఆ పాత సైనికుణ్ణి గర్వంగా ముందు వరుసలో నిలబెట్టింది.