సమ్మె రోజుల దప్పళం

ఆ ఏడు సకల జనుల సమ్మె వల్ల ఎవరికేం నష్టం జరిగిందో పేపర్లలో చాలా రాశారు. బస్సులు ఆగిపోయాయన్నారు, బళ్లు మూతపడ్డాయన్నారు, బొగ్గు రాక కరెంటు పోతోందన్నారు. తార్నాకలో గౌరమ్మగారి మేడ మీది వాటాలో అద్దెకుంటున్న కాత్యాయనికి పొయ్యి పోయిందని మాత్రం ఏ పేపరూ రాయలేదు. దొంగలెత్తుకుపోయినా బాధ లేకపోయేది. మొగుడెత్తుకుపోయాడు.

శ్రీనివాసరావు యూనివర్సిటీ ఆఫీసులో సూపరింటెండెంటు. బాపట్ల దగ్గరి మనిషి, ఉద్యోగానికని ఇక్కడికొచ్చి ఇక్కడే పాతుకుపోయాడు. సమ్మె చెయ్యమని ఆయన్నెవరూ అడగలేదు, చెయ్యనని ఆయనా అనలేదు. ఆఫీసుకు తాళం పడింది, ఇంట్లో కూర్చున్నాడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టుండొచ్చు కదా! పొద్దున్నే క్యాంపస్‌లో నడకకు పోయి, హాస్టళ్ల వెనక పొదల్లో కాసిన సీతాఫలాలు తువ్వాల్లో మూటగట్టుకొచ్చాడు. అవి బాగా ముగ్గాక గుజ్జు తీసి, గింజలు ఏరి, గిలకొట్టిన పెరుగులో కలిపి, అల్లం, పచ్చిమిర్చి దంచి వేసి, ఇంగువ తిరగమోత పెట్టాడు. సీతాఫలానికి ఇంగువేమిటని కాత్యాయని గుమ్మంలో నిలబడి ముక్కు విరిచింది. భోజనాల దగ్గర, ఇంటర్ చదివే కూతురు విజయశ్రీ ఆ గిన్నె వేలితో తుడిచి మరీ నాకింది.

"నాన్నా, నిజంగా నువ్వే చేశావా? రేపేం చేస్తావు?"

చిక్కంతా ఆ ప్రశ్నతోనే మొదలైంది. పుట్టిన దగ్గర్నుంచీ తల్లి చేతి వంట తిని అంత పొడుగైన పిల్ల, రేపేం చేస్తావని తల్లినొక్కనాడూ అడగలేదు. అడిగితే ఏం చెప్పేదో కాత్యాయనికీ తెలీదు, అది వేరే సంగతి. అడగలేదన్నదే ఆమె బాధ.

ఇక ఆయన్ని పట్టేవాళ్లు లేకపోయారు. సమ్మెతో దూరపు కూరగాయలు రావడం మానేశాయి. దగ్గర్లో పండినవే దిక్కు. గుమ్మడికాయలు, మక్కకంకులు, మట్టి వాసన పోని పచ్చి పల్లికాయలు. వాటికోసం పొద్దున్నే సీతాఫల్‌మండి దాకా నడిచిపోయేవాడు. ఏదైనా దొరక్కపోతే ఆ వేళకు వంట లేదనుకునే మనిషి కాత్యాయని. ఏది దొరికితే దానితోనే కొత్త వంటకం పుట్టించే మనిషి ఆయన. కంకుల గింజలు రుబ్బి, పాలు పిండి, మజ్జిగ పులుసులో పోశాడు. గౌరమ్మగారిని అడిగి మక్కగారెలు నేర్చుకుని, వాటిలో మన గోంగూర తరిగి వేశాడు. బతుకమ్మ పండగ రోజుల్లో ఆవిడ పేర్చగా మిగిలిన గుమ్మడిపూలు తీసుకొచ్చి, కొబ్బరి కూరి, శనగపిండిలో ముంచి వేయించాడు.

"అయ్యో, బతుకమ్మల పెట్టే పువ్వు నూనెల ఏసిండు సారు!" అని గౌరమ్మ నోరు నొక్కుకుంది. ఒకటి తిని, ఇంకో రెండు కొంగున కట్టుకుని పోయింది.

కాత్యాయని కడుపు భగ్గుమంది. ఈయన వంట చేస్తే ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ కావాలి. అంట్లు తోమేది ఎవరో వేరే చెప్పాలా? చేసినవాడికి పొగడ్తలు, తోమినదానికి మసి. పైగా చేసేది రాత్రి భోజనమొక్కటే. పొద్దుటి కాఫీ, పిల్ల టిఫిను, మధ్యాహ్నం పప్పూ అన్నం అన్నీ ఎప్పటిలాగే ఆమె నెత్తిన ఉన్నాయి. వాటి ఊసు ఎవరూ ఎత్తరు. రోజూ చేసేదాన్ని వంటనరు కాబోలు!

ఒక్కటంటే ఒక్కటి ఆమె చేతిలో మిగిలింది, ఉప్పు. ఆ ఇంట్లో పొయ్యి మీది వంట నోట పెట్టి చూడటం లేదు. దేవుడికి చూపించాకే ఎవరి నోటికైనా. ఉప్పు చేతి అందాజుతో పడాల్సిందే. ఆ అందాజు పుస్తకాల్లో ఉండదు, ఏళ్లు గడిస్తే చేతికి వస్తుంది. శ్రీనివాసరావుకది రాలేదు. అందుకే ఎన్ని కొత్త పోకడలు పోయినా, చివర్లో గరిటె పట్టుకుని, "కాత్యాయనీ, ఉప్పెంత?" అని అడిగేవాడు. ఆమె పని మానుకుని వచ్చి, గిన్నెలోకి తొంగిచూసి, ఇంత అని చెప్పేది. చెప్పినంతా వేసేవాడు. సరిపోయేది. అసూయతో ఉడికిపోతున్నా ఉప్పు దగ్గర అబద్ధమాడాలని ఆమెకు అప్పటికింకా తోచలేదు.

దసరా వెళ్లిన రెండోనాడు ఆయనతో పాటు తనూ క్యాంపస్‌కు నడకకు పోయింది. ఆర్ట్స్ కాలేజీ ముందు తెలంగాణ కోసం కూర్చున్న విద్యార్థుల టెంటు, పాటలు, డప్పు. అటువైపు వెళ్లినప్పుడల్లా కాత్యాయని నోరు విప్పేది కాదు. తన యాస విని ఎవరైనా ఏమైనా అంటారేమోనని బెరుకు. ఎన్నేళ్లున్నా ఆ వీధుల్లో తను ఆంధ్రా అమ్మే. ఆ రోజు టెంటులోంచి ఓ కుర్రాడు చెయ్యెత్తి కేకేశాడు.

"సార్! నిన్నటి మక్కగారెలు మస్తుగుండె! ఇయ్యాల ఏం చేస్తున్రు?"

"గుమ్మడికాయ చూడాలయ్యా," అన్నాడు శ్రీనివాసరావు నవ్వుతూ, అదే బాపట్ల యాసలో, ఏ బెరుకూ లేకుండా.

"మాకూ జర పంపున్రి సార్. మెస్సు బంద్ ఉన్నది."

కాత్యాయనికి అరికాలి మంట నెత్తికెక్కింది. గారెలు ఇక్కడిదాకా ఎప్పుడు మోసుకొచ్చాడు? తనకు చెప్పనైనా లేదు. డబ్బా కడిగింది తనే, అడగాలని తోచలేదు. ఏళ్ల తరబడి ఈ ఊళ్లో పండక్కీ పబ్బానికీ వాకిళ్లకు గిన్నెలు పంపింది తను. నాలుగు గారెలు తినిపించి ఈయన వీళ్ల మనిషైపోయాడు. ఇల్లు చేరేదాకా ఆమె నాలుగడుగులు వెనకే నడిచింది. ఆయన గుమ్మడికాయ ఎలా వండాలో ఆలోచిస్తూ నడిచాడు, గమనించినట్టు కూడా లేదు.

అంతటితో ఆగినా బాగుండేది. పున్నమి దగ్గరపడింది. దసరా తర్వాతి పున్నమికి ఆ మేడలో అద్దెకున్నవాళ్లూ, ఇంటివాళ్లూ, పక్కింటివాళ్లూ డాబా మీద వెన్నెల్లో కలిసి భోంచెయ్యడం ఏటేటా ఉన్నదే. పెద్ద వంట కాత్యాయనిది. ఆ ఒక్క సాయంత్రం కోసం ఆమె వారం ముందు నుంచీ ఏం చెయ్యాలా అని లోలోపల మురిసిపోయేది. మిగతా ఏడాదంతా ఎవరు మెచ్చినా మెచ్చకపోయినా ఆ పూట ముప్ఫైమంది ఆమె చేతి వంట తిని, కాత్యాయనమ్మ చెయ్యి మంచిదని అనేవాళ్లు. ఆమెకదే చాలు.

గౌరమ్మ మెట్లెక్కి వచ్చి, తలుపు దగ్గరే కూలబడింది.

"కాత్యాయనమ్మా, ఈసారి డాబా మీద వంట సారుతోని చేపిద్దామనుకున్నం. అందరు గదే అంటున్నరు. మీరు ఏండ్లసంది చేస్తున్నరు, జర సుకపడున్రి."

సుఖపడమంటే కాత్యాయనికి ఏడుపొచ్చినంత పనైంది. మొహాన నవ్వు పులుముకుని, "అలాగే పిన్నిగారూ, నాకూ విశ్రాంతి," అంది. లోపలికొచ్చి ఇత్తడి చెంబు ధడేల్మని కింద పెట్టింది. సమ్మె ఆగిపోవాలని, ఈయన ఆఫీసు తాళం తీసెయ్యాలని, ఆయన టేబులు మీద కాయితాలు కొండలా పేరుకుపోవాలని దేవుడి గూటి ముందు నిలబడి నిజంగానే మొక్కుకుంది. రాష్ట్రం వచ్చినా సరే, రాకపోయినా సరే, తన పొయ్యి తనకొస్తే చాలు.

పున్నమినాటి సాయంత్రం వంటింటి నిండా గుమ్మడికాయ. పెద్ద డేగిసాలో దప్పళం ఉడుకుతోంది. గుమ్మడి ముక్కలు, మక్కగింజలు, వొలిచిన పచ్చి పల్లీలు, చింతపండుకు బదులు కొత్తగా వస్తున్న లేత చింతకాయల పులుసు. వాసన బాగుంది. బాగుందని ముక్కుకు తెలుస్తున్నకొద్దీ కాత్యాయనికి ఇంకా మండుతోంది. శ్రీనివాసరావు నుదుటి చెమట భుజానికి తుడుచుకుని గుమ్మం వైపు తిరిగాడు.

"కాత్యాయనీ, ఇంతమందికి ఎప్పుడూ వండలేదు. ఉప్పెంత?"

ఆమె వచ్చి డేగిసాలోకి చూసింది. రెండు గుప్పెళ్లు పడాలి. చూడగానే చేతికి తెలిసిపోయింది. ముప్ఫైమంది మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని మొహాలు చూసుకోవడం, గౌరమ్మ మొహమాటంగా నీళ్లు తాగడం, వచ్చే ఏడు కాత్యాయనమ్మే చెయ్యాలనుకోవడం, అన్నీ ఆమె కళ్లముందు తిరిగాయి.

"ఒక గుప్పెడు చాలు," అంది.

అని, అక్కడ నిలబడలేక దుప్పట్లు, చాపలు తీసుకుని డాబా మీదికి పోయింది. కిందికి పరుగెత్తుకెళ్లి ఇంకో గుప్పెడు వెయ్యమని చెబుదామనుకుంది. చాప పరిచింది. చెబుదామనుకుంది. ఇంకో చాప పరిచింది. చెప్పలేదు.

కరెంటు లేదు, దాని అవసరమూ లేదు. వెన్నెల తార్నాక డాబాలన్నిటి మీదా పడింది. క్యాంపస్ వైపు నుంచి నినాదాలు లీలగా వినిపిస్తున్నాయి. ఏటా వడ్డించే కాత్యాయనిని గౌరమ్మ రెక్క పట్టుకుని మొదటి వరసలో కూర్చోబెట్టింది. ఆమె ముందు మోదుగాకు విస్తరి వేశారు. శ్రీనివాసరావు అన్నం మీద దప్పళం పోసి, పక్క విస్తరికి పోయాడు.

కాత్యాయని ముద్ద కలిపింది. నోట్లో పెట్టుకోవడానికి భయమేసింది. పెట్టుకుంది.

ఉప్పు సరిపోయింది. చిటికెడు ఎక్కువా లేదు, తక్కువా లేదు. పక్కన విజయశ్రీ మాటాపలుకూ లేకుండా తింటోంది. గౌరమ్మ, "ఏం పులుసు సారూ!" అంటోంది. కాత్యాయని చెయ్యి విస్తరిలోనే ఆగిపోయింది. ఆయన రెండోసారి గరిటెతో వచ్చి వంగగానే గొంతు తగ్గించి అడిగింది.

"రుచి చూశారా?"

"లేదు, ఒట్టు. దేవుడికి పెట్టాకే తెచ్చాను."

"ఉప్పెంత వేశారు?"

"రెండు గుప్పెళ్లు."

"నేనొకటేగా చెప్పింది."

"ఇవాళ నువ్వు కోపంగా ఉన్నావు కదా," అన్నాడాయన, అదేదో అందరికీ తెలిసిన విషయమైనట్టు.

"కోపానికీ ఉప్పుకీ సంబంధమేమిటి?"

శ్రీనివాసరావు నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నీకు తెలీదా? కోపమొచ్చిన రోజు నీ చెయ్యి సగమే వేస్తుంది. పెళ్లయిన దగ్గర్నించీ అంతే. నాకు సెలవు దొరక్క మీ చెల్లెలి సీమంతానికి వెళ్లలేకపోయాం చూడు, ఆ వారమంతా చప్పిడి పులుసే. మా అక్కయ్య నీ చీర గురించి ఏదో అని వెళ్లినప్పుడు రెండు రోజులు. ఆఫీసు నుంచొచ్చి మొదటి ముద్దలోనే చూసుకునేవాణ్ణి, ఇవాళ నీతో ఎలా మాట్లాడాలో."

పేపరు చూస్తూ ఏది పెడితే అది మింగే మనిషనుకుంది ఇన్నేళ్లూ.

"తెలిసి కూడా మీరు ఒక్కసారైనా నోరెందుకు మెదపలేదు?"

"చెబితే సరిచేసుకుంటావు. ఆ తర్వాత నాకెలా తెలుస్తుంది?"

"సారూ, గిటు పులుసు!" అని చివరి వరసలోంచి ఎవరో పిలిచారు. ఆయన వెళ్లిపోయాడు.

కాత్యాయనికి సిగ్గేసింది. తన అబద్ధం ఆయనకు తెలిసిపోయిందో, చెయ్యి తప్పిందనుకున్నాడో అంతు చిక్కలేదు. అడిగే మొహమూ లేదు. ఇంకో ముద్ద తీసుకుని, ఈసారి నిదానంగా నమిలింది. ఆఫీసుకు తాళం పడ్డ రోజు ఈ మనిషికి ఎలా ఉండింది? ఆ టెంటు ముందు మొదటిసారి నోరు విప్పినప్పుడు భయమేసిందా? ఈ ఊళ్లో రేపు తన ఉద్యోగమేమవుతుందోనని దిగులుందా? ఇవన్నీ ఆ పులుసులో ఎక్కడో ఉండే ఉంటాయి. వెతికింది. గుమ్మడి తగిలింది, పల్లీ తగిలింది, లేత చింతకాయ పులుపు తగిలింది. అంతా బాగుంది. ఆయన జాడ ఎక్కడా దొరకలేదు. ఇన్ని రోజులూ ఆయన వంట తింటూ తను తిన్నది తన కడుపుమంటనే. తన చేతి ముద్దలో తనను ఇన్నేళ్లుగా ఆనవాలు పట్టిన ఆ నాలుక ఆయనకుంది, తనకు లేదు. పొయ్యి పోయినప్పుడు మండినదానికంటే ఎక్కువ మండిందామెకు ఇప్పుడు.

"ఏవండీ," అని పిలిచింది, వరస వరసంతా తిరిగి చూసేలా. "ఇటు మళ్లీ వెయ్యండి," అని విస్తరి ముందుకు జరిపింది.