ఏ వాడకానికైనా

ముప్పై నలభై మంది ఆడవాళ్లు నోళ్లు తెరిచి అరుస్తున్నారు. మెడ నరాలు ఉబ్బుతున్నాయి, పిడికిళ్లు లేస్తున్నాయి. ఒక్క మాట కూడా బయటికి వినిపించడం లేదు.

ఫిడేలు తీగ తెగితే కొత్తది కొనుక్కోవడానికి బజారుకు బయల్దేరిన ఫిడేలమ్మ, చొక్కాల ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆ వింత చూసి ఆగిపోయింది. వీధిలో ఆమెను అందరూ ఫిడేలమ్మ అనే అంటారు. అసలు పేరు అడిగినవాళ్లు లేరు, చెప్పే అవసరమూ ఆమెకు రాలేదు. గేటుకు రెండు వైపులా కట్టిన లౌడ్‌స్పీకర్లు చెవులు చిల్లులు పడేలా మోగుతున్నాయి. నినాదం లేచినప్పుడల్లా అద్దాల గదిలో కూర్చున్న మేనేజరు చప్పుడు ఇంకాస్త పెంచుతున్నాడు. రోడ్డున పోయేవాళ్లు ఫ్యాక్టరీలో ఏదో వేడుక జరుగుతోందనుకుని నవ్వుకుంటూ పోతున్నారు.

ఆ మోగేది ఒక ఫిడేలు బాణీ. మొదట్లోనే ఒకచోట కమాను చిన్నగా వణికింది. ఆ వణుకు ఫిడేలమ్మకు బాగా తెలుసు. అది ఆమె చేతి వణుకే. బాణీ ఆమెదే.

ఆమె బతుకు సంగతి ఇక్కడ కాస్త చెప్పుకోవాలి. మేడ మీద ఒంటి గది. బయటి చప్పుడు లోపలికి రాకుండా నాలుగు గోడలకూ పాత దుప్పట్లు మేకులు కొట్టి వేలాడదీసింది. ఒక మైకు, ఒక కంప్యూటరు, ఒక మంచం, ఒక కుర్చీ. వచ్చి కూర్చునే మనిషి లేడు గనక రెండో కుర్చీ కొనలేదు. సొంతంగా బాణీలు కట్టి, వాయించి, రికార్డు చేసి లైసెన్సు కంపెనీకి పంపుతుంది. ప్రకటనలకో, వీడియోలకో, ఆఫీసులకో వాటిని వాడుకునే హక్కు ఆ కంపెనీ అమ్ముతుంది. వచ్చినదాంట్లో ఎంతో కొంత ఈమెకు పంపుతుంది. ఆ కొంతతోనే అద్దె, తిండి. పదకొండేళ్లలో నలభై బాణీలు కట్టింది. ఏది ఎక్కడ మోగుతోందో, ఎవరు వింటున్నారో ఏనాడూ తెలియలేదు. కొన్ని వారాలు కూరగాయల మనిషితో తప్ప ఎవరితోనూ మాట్లాడకుండానే గడిచిపోయేవి.

గేటు దగ్గర మోగుతున్న బాణీ, వాళ్లమ్మ పోయిన తర్వాత కట్టింది. ఒక మధ్యాహ్నం అలవాటు కొద్దీ "అమ్మా" అని పిలవబోయి, పలికేవాళ్లు లేరని గుర్తొచ్చి, ఆ పిలుపునే ఫిడేలు మీద లాగింది. మూడు నెలలు పట్టింది అది కుదరడానికి. కంపెనీ దాన్ని 'ఉల్లాసం, కుటుంబం, ఉదయం' అనే వరుసలో పెట్టింది. ఆ రోజు నవ్వుకుని ఊరుకుంది. ఇప్పుడు మాత్రం ఒళ్లు మండిపోయింది.

తీగ కొనకుండానే ఇంటికొచ్చి కంపెనీకి ఫోను చేసింది. అక్కడ ఈ వ్యవహారాలు చూసే లైసెన్సు బాబు ఎత్తాడు. ఎప్పుడు మాట్లాడినా తేనె పూసినట్టు మాట్లాడతాడు.

"అంతా పద్ధతి ప్రకారమే మేడమ్. ఫారంలో 'ఏ వాడకానికైనా' అన్న గడిలో మీరే టిక్కు పెట్టారు."

"మనుషుల నోరు నొక్కడానికి కూడానా?"

"అదీ వాడకమే కదండీ," అన్నాడు, తనేదో నొచ్చుకున్నట్టు.

ఆ టిక్కు కథ వింటే మీకు నవ్వొస్తుంది, తర్వాత కోపమొస్తుంది. టిక్కు పెట్టిన బాణీ కంపెనీ జాబితాలో పైకి లేస్తుంది. పెట్టనిది అడుగున పడి ఉంటుంది. అందుకని బాణీలు కట్టేవాళ్లంతా ఎవరి గదిలో వాళ్లు, పక్కవాడి కంటే ఒక మెట్టు పైన కనబడాలని గుట్టుగా టిక్కు పెట్టేశారు. అందరూ పెట్టాక ఎవరూ పైకి లేచింది లేదు. కంపెనీ చేతికి మాత్రం అన్ని బాణీలూ అన్ని పనులకూ దొరికాయి. పదకొండేళ్లలో ఫిడేలమ్మకు ఈ సంగతి ఒక్కసారీ తట్టలేదు. తట్టినా చెప్పుకోవడానికి ఎవరున్నారు కనక.

మర్నాడు పొద్దున్నే తలుపు దబదబ మోగింది. కింది వాటాలో ఉండే జేబులక్క. ఇరవై ఏళ్లుగా ఆ ఫ్యాక్టరీలో చొక్కాలకు జేబులు మాత్రమే కుడుతోంది. చొక్కా మొత్తం కుట్టమంటే తెల్లమొహం వేస్తానని తనే నవ్వుతూ చెబుతుంటుంది. ఆ పూట నవ్వడం లేదు.

"గేటు దగ్గర మోగేది నీ ఫిడేలే కదా?"

"నీకెలా తెలిసింది అక్కా?"

"మూడు నెలలు నా నెత్తి మీద వాయించావు. నాకు తెలియక ఎవరికి తెలుస్తుంది? దుప్పట్లు గోడలకు కట్టావు గానీ నేలకు కట్టలేదు కదా తల్లీ."

ఫిడేలమ్మ కాళ్ల కింది నేలకేసి చూసింది. ఆ మూడు నెలలూ తన పక్కన ఎవరూ లేరనుకుని ఏడ్చింది. కింద ఒక మనిషి వింటూనే ఉంది.

"గుండీలు కుట్టే పిల్ల ఊపిరాడక మిషను మీదే పడిపోయింది," అంది జేబులక్క. "తలుపుకు బయట తాళం. తాళంచెవి సూపర్‌వైజరు దగ్గర. సూపర్‌వైజరేమో భోజనానికి పోయాడు. వాడొచ్చి తీసేసరికి పిల్ల ప్రాణం పోయింది. పని చేసేటప్పుడు తాళం వెయ్యొద్దు బాబూ అని అడుగుతున్నాం, అంతే. ఆ మాట జనం చెవిన పడకుండా మేనేజరు నీ పాట అడ్డం పెట్టాడు."

"నేను అందుకు కట్టలేదక్కా."

"మరెందుకు కట్టావు?"

"అమ్ముదామనే కట్టాను. మధ్యమధ్యలో మాటకు చోటు వదిలి కడతాం. ప్రకటనలో మాట్లాడేవాడికి అడ్డం రాకూడదని, నాలుగు దరువులు గట్టిగా వాయించి, నాలుగు దరువులు ఫిడేలు తగ్గించేస్తాం. అలా లేకపోతే ఎవరూ తీసుకోరు."

"తగ్గించినప్పుడు ఎవరు మాట్లాడాలి?"

"డబ్బు కట్టినవాడు."

జేబులక్క మంచం అంచున కూర్చుంది. "ఏదీ, ఒకసారి వాయించు."

మిగిలిన మూడు తీగల మీదే వాయించింది ఫిడేలమ్మ. ఆ గదిలో మరో మనిషి కూర్చుని ఉండగా వాయించడం అదే మొదటిసారి. జేబులక్క పాదం మిషను తొక్కినట్టు నేల మీద ఆడింది. ఫిడేలు తగ్గగానే గొంతెత్తింది.

"తలుపు తియ్, తాళం తియ్!"

నాలుగు దరువుల్లో అతికినట్టు సరిపోయింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మీరు ఫిడేలు గట్టిగా ఉన్నప్పుడు అరుస్తున్నారు," అంది ఫిడేలమ్మ నెమ్మదిగా. "అది తగ్గినప్పుడు ఊపిరి తీసుకుంటున్నారు. అటుదిటు చెయ్యాలి."

ఆ మధ్యాహ్నం గేటు దగ్గర ఆడవాళ్లు మొదటిసారి నోరు మూసుకుని విన్నారు. మేనేజరు గెలిచాననుకుని కుర్చీలో వెనక్కి వాలాడు. ఫిడేలు తగ్గింది. నలభై గొంతులు ఒక్కసారిగా "తలుపు తియ్, తాళం తియ్" అన్నాయి. మళ్లీ ఫిడేలు, మళ్లీ గొంతులు. ఎంత చప్పుడు పెంచితే పాట అంత రక్తి కట్టింది. రోడ్డున పోయేవాళ్లు ఆగి, ఏ తాళమని అడగడం మొదలుపెట్టారు.

మేనేజరుకు తిక్క రేగి బాణీ మార్చాడు. ఈసారి గిటారు. ఫిడేలమ్మ వెంటనే గుర్తుపట్టింది. జాబితాలో ఏళ్ల తరబడి తనకంటే ఒక మెట్టు పైన కూర్చున్నవాడిది అది. కుళ్లుకుంటూ వందసార్లు విని ఉంటుంది. ఎక్కడ తగ్గుతుందో ఆమెకు కంఠతా వచ్చు. ఆడవాళ్లకు చేత్తో సైగ చేసి చూపించింది. ఆ రాత్రి కంపెనీ జాబితాలో కనబడిన వాద్యకారులందరికీ ఒకటే ఉత్తరం రాసింది. "మన బాణీలతో ఇక్కడ మనుషుల నోళ్లు మూస్తున్నారు. ఒకసారి వచ్చి చూడండి."

ఆరుగురు వచ్చారు. కుట్టుపనివాళ్ల సంఘం గదిలో, రేకుల కప్పు కింద, ఒకే బెంచీ మీద ఇరుక్కుని కూర్చున్నారు. అందరూ ఒంటరి గదుల్లోంచి వచ్చినవాళ్లే. ఎవరి మొహమూ ఎవరికీ తెలియదు. ఎదుటివాడి బాణీలు మాత్రం అందరికీ నోటికొచ్చు.

"మనం కళాకారులం. ఇది ఫ్యాక్టరీ గొడవ, మనకెందుకు?" అన్నాడు గిటారాయన.

జేబులక్క లేచింది. "నేను జేబు కుడతాను, ఆ చొక్కా ఎవడు తొడుక్కుంటాడో నాకు తెలియదు. నువ్వు బాణీ కడతావు, ఎక్కడ మోగుతుందో నీకు తెలియదు. తేడా ఏంటో చెప్పన్నా, నేర్చుకుంటాను."

గిటారాయన బెంచీ మీద జరిగి ఆమెకు చోటిచ్చాడు.

"జాబితాలోంచి తీసేస్తే నా పిల్లలేం తింటారు?" అంది ఫ్లూటు వాయించే ఆవిడ. ఆ భయం అబద్ధం కాదు, దాన్ని ఎవరూ కొట్టిపారెయ్యలేదు.

"టిక్కు ఎందుకు పెట్టావమ్మా?" అని అడిగాడు డ్రమ్ముల పెద్దాయన.

"మీరందరూ పెట్టారని."

"నేను నువ్వు పెట్టావనుకుని పెట్టాను," అన్నాడాయన. బెంచీ మొత్తం పకపకా నవ్వింది. ఎన్నేళ్లుగా ఒకరికొకరు భయపడి బతికారో నవ్వు ఆగాక అందరికీ అర్థమైంది. బయటికొచ్చేముందు, ఒకే పొద్దున అందరూ కలిసి ఆ టిక్కు తీసెయ్యాలని మాట అనుకున్నారు. ఫ్లూటావిడ కూడా చెయ్యెత్తింది. అందరికంటే చివర, కానీ ఎత్తింది.

తర్వాత అయిదు రోజులు మేనేజరు ఏ బాణీ పెడితే ఆ బాణీకి గేటు బయట మాటలు తయారుగా ఉన్నాయి. కట్టినవాళ్లే దగ్గరుండి నేర్పుతుంటే ఇంకేం కావాలి. ఆరో రోజు వాడు విసిగిపోయి లౌడ్‌స్పీకర్లు ఆపేశాడు. అప్పుడు లేచిన నినాదం వీధి చివర బస్సుల దాకా వినిపించింది.

మర్నాడు పొద్దున వాద్యకారులందరూ అనుకున్నట్టే టిక్కు తీసేశారు. గంటలో లైసెన్సు బాబు ఫోను చేశాడు. గొంతులో తేనె లేదు. "ఒక కాగితం పంపాను. ఆ గేటు పాటకీ మీకూ సంబంధం లేదని, మీకు తెలియకుండా పాడుతున్నారని సంతకం పెట్టండి. లేకపోతే మీ నలభై బాణీలూ తీసేస్తాం. ఆ ఫారంతో హక్కులు మాకే రాసిచ్చారు కాబట్టి మీరు వాటిని ఎక్కడా వాయించకూడదు. వాయిస్తే దొంగతనం కింద కేసవుతుంది."

కాగితం ముందు పెట్టుకుని ఆమె గదిలో కూర్చుంది. బయట పట్టపగలు, వీధి సందడిగా ఉంది. దుప్పట్ల మధ్య ఏమీ వినబడదు. సంతకం పెడితే అద్దె, అన్నం నిలబడతాయి. పెట్టకపోతే వచ్చే నెల ఎలాగో తెలియదు. అదైనా ఏదో ఒకటి చేసుకోవచ్చు, చిన్నపిల్లలకు ఫిడేలు నేర్పి బతకొచ్చు. అమ్మను పిలిచిన పిలుపు మాత్రం ఇక ఎన్నటికీ కంపెనీ సొత్తు. సొంత గొంతును దొంగసొత్తులా దాచుకోవాలి. కన్నీళ్లు ఆగలేదు. ఆ దుఃఖం పంచుకునేవాళ్లు భూమ్మీద ఎవరూ లేరనిపించింది. గేటు దగ్గర నలభై మందిలో నిలబడ్డా అమ్మ తిరిగి రాదు, ఆ సంగతి ఆమెకు తెలుసు.

కాగితం మీద సంతకం పెట్టలేదు. మొహం కడుక్కుని, ఈలోగా కొన్న కొత్త తీగ బిగించి, ఫిడేలు పట్టుకుని మెట్లు దిగింది.

గేటు ముందు నిలబడి బాణీ అంతా వాయించింది. ఈసారి ఎక్కడా తగ్గించలేదు. ఆడవాళ్లు పాడటం మాని, చనిపోయిన పిల్లను తలుచుకుని చేతులు పట్టుకుని నిలబడ్డారు. అది ముగియకముందే పోలీసు వ్యాను వచ్చింది. మేనేజరు ఫోను చేస్తే కంపెనీ ఫిర్యాదు ఇచ్చిందట. ఫిడేలమ్మను ఎక్కించారు. అడ్డం వచ్చిన జేబులక్కనూ రెక్క పట్టి ఎక్కించారు.

స్టేషనులో కేసులు రాసే రైటరు కాగితం తీశాడు. "ఏం దొంగిలించావు?"

"నా బాణీ."

"నీదైతే దొంగతనం ఎలా అవుతుంది?"

"అదే నేనూ అడుగుతున్నాను."

రైటరు తల గోక్కున్నాడు. "సరే. వృత్తి?"

ఇన్నేళ్లుగా ఆ మాట అడిగిన ప్రతిచోటా ఆమె కళాకారిణి అనే రాసింది. ఇప్పుడు మాత్రం "కార్మికురాలిని," అంది.

రైటరు జేబులక్క వైపు తిరిగాడు. "నీ వృత్తి?"

"పాటలు కడతాను," అంది జేబులక్క, పమిట సర్దుకుంటూ.

అప్పుడే గుమ్మంలో అలికిడైంది. గిటారాయన, డ్రమ్ముల పెద్దాయన, పిల్లలిద్దరినీ చెరో చేత్తో పట్టుకుని ఫ్లూటావిడ. వాళ్ల వెనక చొక్కాల ఫ్యాక్టరీ ఆడవాళ్లు.

"ఆ పాట మేమూ దొంగిలించాం," అంది ఫ్లూటావిడ. "మా పేర్లు రాసుకోండి."

రైటరు కాగితం కిందా మీదా చూశాడు. అందులో ఇంకొక్క పేరుకే చోటుంది. గుమ్మం బయట వరుస మెట్లు దిగి వీధిలోకి పోయింది.