రాజీనామా కాదు

నేను ఒక రబ్బరు ముద్రను. అమలాపురం బజారులో ఒక చిన్న కొట్లో పుట్టాను. అంబాజీపేటలో కొబ్బరిపీచు చాపలు నేసే ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పేరు, దాని కింద ‘డైరెక్టర్’ అన్న మాట నా ముఖాన తిరగేసి చెక్కారు. నన్ను తీసుకెళ్లడానికి ఆ కంపెనీ డైరెక్టర్లిద్దరూ వచ్చారు. సత్యవేణి, సుగుణ. చిన్ననాటి స్నేహితులు. పాత పేపరు మీద నన్ను పదిసార్లు నొక్కి చూసుకుని మురిసిపోయారు. మనుషులకు హోదా అంటే అంత సంబరం.

తొమ్మిదేళ్లకు సుగుణ మూత్రపిండాలు పాడయ్యాయి. ఆసుపత్రి మంచం మీద నుంచే చాపల అంచులకు రంగులు ఎంచేది. అక్కడే కన్నుమూసింది. నాలుగో రోజున ఆడిటరు కాగితాలు పంపాడు. ఏడ్చి వాచిన కళ్లతో సత్యవేణి చదవకుండానే సంతకాలు చేసి, నన్ను నొక్కింది. సుగుణ స్థానంలో ఆమె కూతురు షారోను డైరెక్టరైంది.

రెండు నెలల తర్వాత షారోను కంప్యూటరులో కంపెనీ రికార్డు తెరిచింది. తల్లి పేరు పక్కన ‘పదవి వదిలిన కారణం: రాజీనామా’ అని ఉంది.

“పిన్నీ, అమ్మ మానేసిందా? నాకెందుకు చెప్పలేదు?”

సత్యవేణి ముఖం పాలిపోయింది. “లేదే తల్లీ. చూడకుండా సంతకం పెట్టేశాను. తప్పు నాదేనే.”

దిద్దించమని అడిగితే ఆడిటరు విసుక్కున్నాడు. “ఎలాగూ ఆవిడ లేరు కదండీ. ఏ కారణమైతే ఏంటండీ? ఇప్పుడు దిద్దించాలంటే పెద్ద తలనొప్పండి.”

“అయినా దరఖాస్తు పెట్టండి. మంచం మీద కూడా పని చేసిన మనిషండి. మమ్మల్ని వదిలేసి పోయిందని సర్కారు రికార్డులో ఉండిపోతే ఎలాగండీ?” అంది సత్యవేణి.

దరఖాస్తు రెండుసార్లు తిరిగొచ్చింది. ఒకసారి మరణ ధ్రువపత్రంలో ఇంటిపేరు ఒక అక్షరం తేడా ఉందన్నారు. ఇంకోసారి కంపెనీ బోర్డు తీర్మానం నకలు లేదన్నారు. సత్యవేణి పంచాయతీ ఆఫీసుకూ ఆడిటరు దగ్గరికీ కాళ్లరిగేలా తిరిగింది. ప్రతి కాగితాన్నీ మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివాకే నన్ను నొక్కేది. తప్పు రాయడానికి నా ముద్ర ఒక్కటి సరిపోయింది. దిద్దడానికి ఎన్ని వేశానో లెక్కలేదు.

ఐదు నెలలకు రికార్డు మారింది. షారోను పైకి చదివింది.

“కారణం: మరణం.”

ఆ ఒక్క మాట కోసమే సత్యవేణి అన్నాళ్లు తిరిగింది కదా, హమ్మయ్య అనుకుంటుందేమోనని చూశాను. ఆమె కుర్చీలో కూలబడి షారోను చెయ్యి పట్టుకుంది.

“పోయిందే మీ అమ్మ,” అంది, ఆ కబురు అప్పుడే తెలిసినట్టు.