ముబాషిరాను ఎవరూ అడగలేదు

ముబాషిరా రొట్టెలు కాలుస్తుంటే భర్త షబ్బీర్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. పాలవాడికి ఈపూట పాలొద్దని చెప్పినంత తేలిగ్గా చెప్పాడు.

"నిన్న మీ మేనేజర్ ఫోన్ చేసినాడు. ఏఐ టీముకు నిన్ను లీడర్ని చేస్తామన్నాడు. నెలనెలా హైదరాబాదు పోవాల్నంట. నేనే వద్దన్నాలే. సాయంత్రం మీటింగులో ఆ జాషువా పేరు చెప్తారంట."

పెనం మీద రొట్టె మాడింది. మాడదా మరి!

"నన్నొక మాట అడగొద్దా?"

"అడిగేదేముంది? అమ్మీకి షుగరు, పిల్లకు బడి. నువ్వు పోతే ఇల్లెవరు చూస్తారు?"

వసారాలోంచి అత్త ఖదీజా అందుకుంది. "ఆఫీసుకు పంపించేదే గొప్ప. పెద్దరికం గూడానా తల్లీ!"

పంపించడమంట, పంపించడం! మార్కాపురం పలకల కంపెనీలో విదేశీ బేరగాళ్లకు జవాబులు రాసేది ఆమే. పోయినేడు కంప్యూటర్లలోకి ఏఐ వచ్చి, ఇక మన ఉద్యోగాలు ఊడినట్టేనని ఆఫీసంతా బెంబేలెత్తితే, మధ్యాహ్నం అన్నం పక్కనబెట్టి ఒక్కొక్కరి దగ్గరా కూర్చుంది. దాన్ని ఎట్లా అడగాలో, అది చెప్పినదాంట్లో ఏది నమ్మకూడదో నేర్పింది. ఆ నేర్పినందుకు జీతమూ లేదు, పేరూ లేదు. "నువ్వు లేకుంటే నేనెప్పుడో ఇంటికి పోయుండేవాణ్ణి అక్కా" అనే జాషువాకే ఇప్పుడా కుర్చీ. వాణ్ణనుకుని ఏం లాభం?

ఆఫీసుకొచ్చి కూర్చున్నా పొద్దుటి మాటలే చెవుల్లో తిరుగుతున్నాయి. ఎవరితో చెప్పుకోవాలి? పుట్టింట్లో చెబితే సర్దుకోమంటారు. పక్కసీటు వాళ్లకు చెబితే అయ్యో అని ఊరుకుంటారు. తెర మీద ఏఐ ఎప్పటిలాగే జవాబు రాసి, చివర్న "మీకింకేం కావాలి?" అని అడిగింది. ఛీ, ఏం బతుకు! పొద్దున్నుంచి ఆ మాట అడిగింది ఈ మిషనొక్కటే. అదీ అందరినీ అడిగే మాటే. అయినా కళ్లలో నీళ్లు తిరిగాయి. కొంగుతో తుడుచుకుని లేచింది.

తన గది తలుపు చప్పుడుకు మేనేజర్ కాశయ్య తలెత్తాడు. "రామ్మా. నీకిద్దామనే అనుకున్నా. మీ ఇంట్లో గొడవలెందుకని ముందు షబ్బీర్‌నడిగినా. ఆయన వద్దన్నాడు."

"జాషువా ఇంట్లో ఎవర్నడిగినారు సార్?"

కాశయ్య నవ్వాడు. "మగపిల్లోడికి ఇంట్లో అడిగేదేందమ్మా!"

ఎన్నడూ ఆ గదిలో కూర్చోని ముబాషిరా కుర్చీ లాక్కుని కూర్చుంది. "నాకిష్టమే సార్. నేను చేస్తా."

కాశయ్య నవ్వు ఆగిపోయింది. ఫోను చేతిలోకి తీసుకున్నాడు. "అట్లనా... ఉండమ్మా, షబ్బీర్‌తో ఒక మాట..."

"ఎదురుగానే ఉన్నా కదా సార్," అంది ముబాషిరా. "నన్నడగండి."